నిద్రలో ఉందని చెప్పారు

పోయిన వారం ఈ కబుర్లు ఆపేసరికి నన్ను నేను బాత్రూంలో తూకం మిషన్ మీద నిలబెట్టుకుని వదిలేశాను. ముందు దాని మీద నుంచి దిగనివ్వండి.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి రెండు ముక్కలు. నా పేరు కరుణమ్మ. మా నాయనమ్మ పేరు. అమెరికా వచ్చాక తోక తెగి కరుణనయ్యాను. నర్సాపురంలో మిషన్ స్కూలు పిల్లలకి తెలుగు చెప్పుకుంటూ హాయిగా ఉండేదాన్ని. ముప్పై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదని ఊరంతా నా మీద జాలిపడటం మొదలెట్టింది. ఆ జాలి భరించలేక, మొదటి భార్య శాంతి పోయి ఒంటరిగా ఉన్నాడని విన్న ఒక మనిషికి ఒప్పుకున్నాను. ఆయన షాలేం రాజు. సియాటిల్ పక్కన బాతెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పదేళ్ళ కూతురు షెరిన్. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టింది 2008 సెప్టెంబర్లో. ఇప్పుడు జూలై. ఇన్ని నెలల్లో ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ ఏరి కూరిస్తే ఒక పూట భోజనం కబుర్లకి చాలవు. షెరిన్ నన్ను ఆంటీ అంటుంది. చర్చిలో కనపడే ప్రతి ఆడమనిషినీ ఆంటీయే అంటుంది కాబట్టి ఆ పిలుపులో నాకంటూ మిగిలిందేమీ లేదు.

నెలకొక శనివారం తండ్రీ కూతుళ్ళు చిన్న విమానం ఒకటి అద్దెకి తీసుకుని ఆరెగాన్‌లో సముద్రం ఒడ్డున న్యూపోర్ట్ అనే ఊరికి వెళ్తారు. అక్కడ పెద్ద ఆక్వేరియం ఉంది. సాయంత్రానికి తిరిగొస్తారు. విమానం నడిపేది ఆయనే. నా మొగుడికి విమానాల పిచ్చి అని నేను మా అమ్మతో ఫోన్లో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. నన్ను మాత్రం ఒక్కసారీ రమ్మనలేదు. ఈసారి నేనే సిగ్గు విడిచి, నేనూ వస్తానన్నాను. ఆయన తింటున్న చెయ్యి ఆపేసి నా మొహంలోకి చూశారు. అంతసేపు ఎప్పుడూ చూడలేదు. నిజంగా వస్తావా అన్నారు. వస్తానన్నాను. అయితే నీ బరువెంతో చూసి చెప్పు అన్నారు.

అదీ తూకం మిషన్ కథ. ముల్లు నూట యాభై దాటేసరికి కేజీలనుకుని గుండె ఆగినంత పనైంది. ఇక్కడ పౌండ్లు కదా.

శనివారం పొద్దున్నే కారులో స్నోహోమిష్ వెళ్ళాం. పొలాల మధ్య చిన్న ఎయిర్‌పోర్టు. మా నర్సాపురం బస్టాండే దానికంటే పెద్దది. విమానం మరీ చిన్నది. నాలుగు సీట్లు, ముందు ఒక ఫ్యాను. తలుపు వేస్తే ఆటో తలుపు వేసినంత చప్పుడు కూడా రాలేదు. రాత్రంతా నేను ఊహించుకున్నదేమిటంటే, ఆయన పక్క సీట్లో నేను కూర్చుంటాను, కింద కొండలు చూపిస్తూ ఆయన ఏదో చెప్తుంటారు. షెరిన్ నన్ను దాటుకుని ముందు సీట్లోకి ఎక్కి బెల్టు పెట్టేసుకుంది. ఆయన నావైపు చూసి, బరువులు బ్యాలెన్స్ అవ్వాలి, నువ్వు వెనక కూర్చో అన్నారు. నా పక్కన పెరుగన్నం డబ్బా, చేగోడీల డబ్బా, నీళ్ళ సీసాలు. బ్యాలెన్స్ అట.

ఇంజిను వెయ్యబోయే ముందు ఆయన కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. షెరిన్ ఆమెన్ అంది. నేనూ అన్నాను. ఆ ఒక్క క్షణం మాత్రం నాకు బాగుంది.

చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు ఇచ్చారు. వాటికి నోటి ముందుకి వచ్చే మైకు ఉంది. గాల్లోకి లేచాక, ఎడమ పక్క రెయినియర్ కొండ మంచుతో కనబడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. గోదావరి మీద పడవలో వెళ్ళేటప్పుడు ఎలా ఉంటుందో చెప్పాను. మా స్కూలు పిల్లల్ని పేరుపాలెం బీచికి తీసుకెళ్ళిన కథ చెప్పాను. మా అమ్మ చేపల పులుసు ఎలా కాస్తుందో, ఇక్కడ చేపకి ఆ రుచి ఎందుకు రాదో కూడా చెప్పాను. నెలల తరబడి దాచుకున్న కబుర్లన్నీ చెప్పాను. ముందు సీట్లలో ఇద్దరూ ఊ అనలేదు, ఆ అనలేదు. వాళ్ళ మాటలు నాకు వినిపిస్తున్నాయి. షెరిన్ ఏదో అడుగుతోంది, ఆయన నవ్వుతున్నారు. ఇంట్లో ఆయన నవ్వు నేనెప్పుడూ వినలేదు. చాలాసేపటికి షెరిన్ వెనక్కి తిరిగి, నా మైకు నుదుటి మీదికి ఎత్తి ఉందని సైగ చేసి, తనే చెయ్యి చాపి కిందికి లాగింది. అప్పటిదాకా నేను చెప్పిన ఒక్క ముక్క కూడా ఎవరికీ వినపడలేదు. బాగుంది అన్నాను. వాళ్ళకి వినిపించిన నా మాట అదొక్కటే.

న్యూపోర్ట్‌లో దిగేసరికి సముద్రం మీద దూరంగా పొగమంచు దూదిలా పేరుకుని ఉంది. మూడున్నర దాటితే అది రన్‌వే మీదికి వచ్చేస్తుంది, ఈలోపు బయల్దేరాలి అని ఆయన రెండుసార్లు చెప్పారు. ఎయిర్‌పోర్టు ఆఫీసులో ఉన్నావిడ షెరిన్‌ని ముద్దుగా పలకరించింది. విమానాల్లో వచ్చేవాళ్ళు ఊళ్ళోకి వెళ్ళి రావడానికి ఒక పాత కారు ఉంచుతారట. దాని తాళాలు ఆయన అడక్కుండానే చేతిలో పెట్టింది. ఎంత సేపని కూడా అడగలేదు. వీళ్ళకి ఇక్కడ ఇంత పరిచయమేమిటా అనుకున్నాను. నెలనెలా వచ్చే మనుషులు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఆక్వేరియం నిజంగా బాగుంటుంది. గాజు సొరంగంలో నడుస్తుంటే నెత్తిమీద నుంచి సొరచేపలు పోతుంటాయి. షెరిన్ వాటి మొహం కూడా చూడలేదు. తిన్నగా బయట ఉన్న సీ ఆటర్ల కొలను దగ్గరికి లాక్కుపోయింది. అవి నీటిపిల్లులు. సముద్రంలో ఉంటాయి. మూడు ఉన్నాయి. ఒకటి నీళ్ళ మీద వెల్లకిలా తేలుతూ, ముందు కాళ్ళు రెండూ గుండెల మీద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. ఆయన కాఫీ తేవడానికి వెళ్ళారు. కొలను దగ్గర నేనూ షెరిన్ మిగిలాం.

ఆ పిల్ల కంచె మీద గడ్డం ఆనించి దాన్నే చూస్తూ, "అమ్మ ఆల్సో ఇలాగే పడుకుంటుంది. మౌత్ కొంచెం ఓపెన్" అంది.

ఇన్నాళ్ళలో తల్లి మాట నా దగ్గర ఎత్తడం అదే మొదలు. నా మనసు కరిగిపోయింది. దగ్గరికి తీసుకుందామనుకున్నాను. కానీ పదమూడేళ్ళు పాఠాలు చెప్పిన పంతులమ్మ నోరు ఊరుకోదు కదా. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగు మాటల చివర్లు ఎలా పడితే అలా మింగేస్తారు. ఆదివారం తెలుగు క్లాసులో వాళ్ళని దిద్దడమే నా పని. ప్రేమగానే చెప్పాను.

"పడుకుంటుంది కాదు నాన్నా. అప్పటి సంగతి కదా. పడుకునేది అనాలి."

షెరిన్ నా వైపు తిరిగింది. తప్పు దిద్దినందుకు చిన్నబుచ్చుకున్న మొహం కాదది. తప్పు చెప్పిన టీచరును చూసే మొహం.

"నో ఆంటీ. పడుకునేది ఈజ్ బిఫోర్. ఇది నౌ. అమ్మ ఇప్పుడు కూడా పడుకునే ఉంటుంది. లంచ్ తర్వాత వెళ్తాం కదా. నువ్వు కూడా వస్తున్నావని నాన్న చెప్పాడు."

ఏదో సమాధి దగ్గరికి వెళ్తారు కాబోలు అనుకోవడానికి కూడా వీల్లేకుండా చెప్పింది. అయినా అడిగాను, ఎక్కడికి వెళ్తాం అని. నర్సింగ్ హోమ్‌కి అంది. అమ్మ రూమ్‌కి అంది. ఇవాళ నెయిల్స్‌కి పర్పుల్ కలర్ తెచ్చానని జేబులోంచి చిన్న సీసా తీసి చూపించింది. ఆ సీసా చూస్తూ నిలబడ్డాను. కంచె పట్టుకున్నాను.

ఆయన రెండు కాఫీలూ ఒక చాక్లెట్ పాలూ పట్టుకుని వచ్చారు. నా మొహం చూసి షెరిన్‌ని సొరచేపల సొరంగంలోకి ఒక రౌండు వేసి రమ్మని పంపించారు. బెంచీ మీద కూర్చున్నాం. మా మధ్య ఇంకో మనిషి కూర్చునేంత చోటు వదిలారు. ఎప్పుడూ అలాగే కూర్చుంటారు.

శాంతి బతికుందా అని అడిగాను.

ఆయన చేతిలో కాఫీ ఒలికింది. ప్యాంటు మీద పడ్డా తుడుచుకోలేదు. "అదేమిటి, నీకు తెలుసు కదా" అన్నారు.

నాకెవరు చెప్పారని నేను. మా నాన్న చెప్పాడుగా అని ఆయన. మీ ఇంటికొచ్చి, మీ అమ్మానాన్నల ఎదురుగా, అంతా విడమరిచి చెప్పాననీ, అమ్మాయి విని కూడా ఒప్పుకుందనీ, ఇలాంటి మనసున్న మనిషి దొరకడం దేవుని దయ అనీ మా నాన్న ఫోన్ చేసి చెప్పాడు, ఆ రాత్రి నేను ఏడ్చాను అన్నారు.

అప్పుడు నాకు మా వరండా గుర్తొచ్చింది. మా మామగారు దైవాశీర్వాదం గారు మడత కుర్చీలో కూర్చుని, కండువాతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మా శాంతి నిద్రలో ఉందమ్మా. ఆ బిడ్డకి తల్లి చెయ్యి లేకుండా పోయింది" అన్నారు. మా నాన్న వెంటనే తల వంచి ప్రభువు చిత్తం అన్నాడు. మా అమ్మ పమిట కళ్ళకద్దుకుంది. తర్వాత అందరం కలిసి ప్రార్థన చేసుకున్నాం. ఇంకేం అడుగుతాం? మా విశ్వాసుల ఇళ్ళలో ఎవరైనా పోతే చచ్చిపోయారని అనం. ప్రభువులో నిద్రించారంటాం. జ్ఞాపకార్థ కూటం కార్డుల మీద అదే వేస్తాం, సమాధుల మీద అదే చెక్కిస్తాం. ఆ పెద్దాయన ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పారు. మేం మాకు అలవాటైన సంగతి విన్నాం. కావాలనే అలా చెప్పారా, ఆయనకి కూడా ఆ మాటే వచ్చిందా అన్నది ఆ దేవుడికే తెలియాలి. నిద్రించిందనడానికీ నిద్రలో ఉందనడానికీ తేడా తెలియకపోతే నేను పిల్లలకి మార్కులు కోసేదాన్ని. నాకు ఎవరు కొయ్యాలి?

ఇంట్లో హాల్లో శాంతి ఫొటో ఉంది. పొద్దున్న లేస్తే దాని కిందే టీ తాగుతాను. మా విశ్వాసుల ఇళ్ళలో పోయినవాళ్ళ ఫొటోలకి దండలు వెయ్యం కదా. దండలు వేసే ఇంటి పిల్లనై పుట్టుంటే, దండ లేదేమిటని మొదటి రోజే అడిగి ఉండేదాన్ని.

ఆయన చెప్పుకుంటూ పోయారు. బాతెల్ రాకముందు వాళ్ళు ఆరెగాన్‌లోనే ఉండేవారట. షెరిన్‌కి నాలుగేళ్ళున్నప్పుడు శాంతికి మెదడులో నరం చిట్లింది. ఆపరేషన్ చేశారు, ప్రాణం నిలిచింది, మనిషి లేవలేదు. ఎక్కువ కాలం చూసుకునే చోటు ఈ ఊళ్ళో దొరికింది. తర్వాత ఆరెగాన్‌లో ఆయన ఉద్యోగం పోయి, బాతెల్‌లో ఇంకొకటి వచ్చింది. కారులో వస్తే పోను ఒక పూట, రాను ఒక పూట. చిన్నపిల్లని అంతసేపు కారులో కూర్చోబెట్టలేక విమానం నడపడం నేర్చుకున్నానన్నారు.

"నాకు విమానాలంటే భయం కరుణా. ఇప్పటికీ ఎక్కేముందు చేతులకి చెమటలు పడతాయి."

ఇది వినగానే నాకు ఏడుపొచ్చింది. నా మీద నాకు జాలేసి కాదు. ఆకాశంలో ఎగరడం నేర్చుకునేంత ప్రేమ ఒకటి నా కళ్ళముందు ఉంది, అందులో నా వాటా ఏమీ లేదు. మనిషిగా ఆయన మీద గౌరవం కలిగింది. పెళ్ళాంగా ఒళ్ళు మండిపోయింది. రెండూ ఒకేసారి.

చట్టం సంగతి అడిగాను. నన్ను చేసుకునే ముందు ఇక్కడి కోర్టులో విడాకులు తీసుకున్నారట. మా చర్చివాళ్ళకి ఏ సంగతీ చెప్పలేదు. సరే, కోర్టు కోర్టే. మా పెళ్ళిలో పాస్టరుగారు చెప్పించిన మాట నేను గుర్తు చేశాను. మరణం మనల్ని విడదీసేవరకు అని నా చెయ్యి పట్టుకుని చెప్పారు కదా, అదే మాట ఆవిడ చెయ్యి పట్టుకుని కూడా చెప్పారు కదా, ఇద్దరిలో ఎవరి దగ్గర ఆ మాట నిలబెట్టుకుంటున్నారు అని అడిగాను. ఆయన తల దించుకున్నారు.

నా వైపు చూడకుండానే అన్నారు. "నువ్వు అన్నీ తెలిసి కూడా ఒక్క ప్రశ్న వెయ్యవు. నా బాధ కదపకూడదని ఊరుకుంటున్నావనుకున్నాను. మొన్న నేనూ వస్తానన్నప్పుడు, శాంతిని చూడ్డానికి వస్తానంటున్నావనుకున్నాను."

ఒకే కప్పు కింద ఇన్ని నెలలు బతికాం. ఆయన దృష్టిలో నేను అన్నీ తెలిసి మౌనంగా ఉన్న దేవత. నా దృష్టిలో ఆయన పోయిన భార్యని మర్చిపోలేని మొగుడు. ఇద్దరం ఇద్దరు లేని మనుషులతో కాపరం చేశాం.

షెరిన్ సొరంగంలోంచి పరిగెత్తుకొచ్చింది. వెళ్దామా అంది. ఆయన నా వైపు చూశారు. కారులో కూర్చుంటానని చెప్పొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. కానీ పది నెలలుగా ఏ మనిషి గిన్నెల్లో నేను వంట చేస్తున్నానో, ఏ మనిషి చీరల అలమరలో నా చీరలు ఒక పక్కకి సర్దుకున్నానో, ఆ మనిషిని చూడకుండా ఇంక ఉండలేననిపించింది. పదండి అన్నాను.

నర్సింగ్ హోమ్ ఒకే అంతస్తు, పొడుగ్గా ఉంది. బయట పువ్వుల కుండీలు, లోపల మందుల వాసన. శాంతి గది చివరిది. హాల్లో ఫొటోలో ఒత్తుగా జడేసుకుని నవ్వే మనిషి జుట్టు ఇక్కడ పొట్టిగా కత్తిరించేశారు. సగం నెరిసింది. మెడ కింద దిండు, పొట్ట దగ్గర గొట్టం. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. షెరిన్ చెప్పింది అక్షరాలా నిజం. నాకంటే చిన్నది అనిపించింది. నాకు అసూయ వస్తుందనుకుని తయారై వచ్చాను. రాలేదు. దుప్పటి పక్కకి జారితే సర్దాలనిపించింది, సర్దాను.

షెరిన్ మంచం పక్క స్టూల్ లాక్కుని తల్లి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోళ్ళకి రంగు వెయ్యడం మొదలెట్టింది. వేస్తూ స్కూలు కబుర్లన్నీ ఇంగ్లీషులో చెప్తోంది. ఆయన డాక్టరుతో మాట్లాడాలని ఆఫీసు గదిలోకి వెళ్ళారు. నేను మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. లోపల ఉండాలా, బయట ఉండాలా అన్నది నాకెవరూ చెప్పలేదు.

శాంతిని చూసుకునే నర్సు వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, చల్లని మొహం. నా ఇంగ్లీషు చూసి నెమ్మదిగా మాట్లాడింది. నేనెవరో ఆయన ముందే చెప్పినట్టున్నారు, రాజు చాలా మంచివాడంది. వచ్చినప్పుడల్లా ఆమె చెవి దగ్గర కూర్చుని గంటసేపు మాట్లాడతాడంది.

ఆయనా, మాట్లాడతారా అని అడిగాను. మా ఇంట్లో ఉప్పు సరిపోయిందన్నదే ఆయన పెద్ద ఉపన్యాసం.

ఆగకుండా మాట్లాడతాడు, కొన్నిసార్లు ఏడుస్తాడు కూడా అంది నర్సు. నాకు మీ భాష రాదు, కానీ ఒక మాట మాత్రం మళ్ళీ మళ్ళీ వినీ వినీ నోటికొచ్చేసింది, దానికి అర్థమేమిటో నిన్ను అడగొచ్చా అంది. ఏ మాట అన్నాను.

"కరుణ" అంది.

మీకు అబద్ధం చెప్పను. శాంతి గది గుమ్మంలోనే నిలబడి, సిగ్గు లేకుండా సంతోషపడ్డాను. నాతో చెప్పలేని మాటలు ఇక్కడ చెప్పుకుంటున్నారన్నమాట. నా గురించి ఆమెకి చెప్తున్నారన్నమాట. నాలో గడ్డకట్టినదేదో కరిగి కళ్ళలోకి వచ్చింది. అది నా పేరు అని నర్సుకి చెప్పాను.

నర్సు నవ్వింది. ఎంత బాగుంది అంది. తర్వాత ఆమె మొహంలో చిన్న అనుమానం వచ్చింది. పాపం, ఏమీ ఎరగనిది, ఉన్నదున్నట్టు అడిగేసింది. మీ పెళ్ళెప్పుడైంది, నేను ఇక్కడ చేరి మూడేళ్ళైంది, చేరిన రోజు నుంచీ ఈ మాట వింటూనే ఉన్నానే అంది.

మూడేళ్ళు. అప్పటికి నేను నర్సాపురంలో తొమ్మిదో తరగతికి సంధులు చెప్తున్నాను. షాలేం రాజు అనే మనిషి ఉన్నాడనే నాకు తెలియదు. ఆయన పిలిచింది నన్ను కాదు. కరుణించు ప్రభువా, కరుణ చూపించు ప్రభువా అని దేవుణ్ణి అడుగుతున్నారు. మా చర్చిలో ప్రతి ప్రార్థనలోనూ ఉండే మాటే. నా పేరు కూడా అందులోంచి తీసిందే. ఆ మాటలో నేనున్నాననుకోవడం నా పొరపాటు. నర్సుకి ఇదంతా ఏం చెప్తాను. మెర్సీ అని అర్థం అని చెప్పి బయటికి వచ్చేశాను.

వరండాలో ఒక కిటికీ ఉంది. సముద్రం వైపు పొగమంచు ఒడ్డుకి వచ్చేసింది. ఆయన ఆఫీసు గదిలోంచి వచ్చి, ఇంక బయల్దేరదామా అన్నారు. నేను కదల్లేదు.

"మీరు ఇక్కడ కూర్చుని దేవుణ్ణి ఏమని అడుగుతారు?"

ఆయనకి అర్థమైంది. గోడకి ఆనుకున్నారు. శాంతి గది తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. మొదటి రెండేళ్ళు లేపమని అడిగానన్నారు. దగ్గరి చుట్టాలంతా అదే అడుగుతున్నారు కాబట్టి తనూ అదే అడిగానన్నారు. తర్వాత ఏమని అడిగారని నేను వదల్లేదు.

"తీసుకుపొమ్మని అడుగుతున్నాను."

ఆ మాట పైకి అనడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను. నువ్వు వచ్చాక కూడా అదే అడుగుతున్నాను, కానీ నువ్వు రాకముందు ఆమె కోసం అడిగేవాణ్ణి, ఇప్పుడు నా కోసం అడుగుతున్నానేమో, నీ కోసం అడుగుతున్నానేమో అని భయమేస్తోంది, ఇంటికొచ్చి నీ మొహం చూస్తే ఒక మనిషిని చంపి వచ్చినట్టుంటుంది అన్నారు. అందుకే మాట్లాడలేనన్నారు.

నేను చెయ్యి చాపి ఆయన చెయ్యి పట్టుకుందామనుకున్నాను. చాపాను కూడా. అప్పుడు గది గుమ్మంలో షెరిన్ కనబడింది. ఊదారంగు సీసా చేతిలోనే ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో. మన పిల్లలకి తెలుగు మాట్లాడటం రాకపోయినా వినడం బాగానే వస్తుంది.

"తీసుకుపొమ్మనా?" అంది. "అమ్మనా? ఎక్కడికి నాన్నా? మన ఇంటికా?"

ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. ఆయన గోడ పట్టుకుని అలాగే ఉండిపోయారు. తండ్రి దగ్గర జవాబు రాకపోయేసరికి షెరిన్ నా వైపు తిరిగింది. "ఆంటీ, నువ్వు చెప్పు. అమ్మ ఇంటికి వస్తోందా?"

ఆ ఇంటికి వచ్చాక తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి నా మొహంలోకి చూడటం అదే మొదలు. కాదంటే, మరి ఎక్కడికని అడుగుతుంది. ఎక్కడికో చెప్పే నోరు నాకు లేదు. పదమూడేళ్ళు పిల్లలకి మాటల అర్థాలు చెప్పి బతికినదాన్ని, ఆ ఒక్క మాటకి అర్థం చెప్పలేకపోయాను.

"అవునమ్మా" అన్నాను. "ఇంటికే. నేను చూసుకుంటాను."

షాలేం రాజు నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఏం చెప్పావో తెలుస్తోందా నీకు అన్నారు. తెలియదనే చెప్పాను. అప్పటికే షెరిన్ లోపలికి పరిగెత్తి, వచ్చీ రాని తెలుగులో, మనం ఇంటికి వెళ్తున్నామని వాళ్ళమ్మ చెవిలో చెప్తోంది.